క్రీము గిలకొట్టడం – చెడిపోయిందో లేదో తెలుసుకోవడం

– ఎం.ఎస్సీ. (మైక్రోబయాలజీ) విద్యార్థిని, మన హాస్టల్ పూర్వ విద్యార్థిని



పాల గురించి తెలియని ఇల్లు ఉండదు. కానీ పాలు చాలినన్ని ఉన్న ఇళ్లు తక్కువ. మన హాస్టల్లో చదివిన వాళ్లలో ఎక్కువమందిమి పావు లీటరు పాలతో ఇంటిల్లిపాదికీ టీ కాచుకున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. పాలగిన్నె గోకుడు కోసం తోబుట్టువులతో తగువు పడినవాళ్లమే. అందుకే పాలు, పెరుగు, మీగడ అంటే మనకు ప్రాణం. వాటిని పారబోయాలంటే చెయ్యి రాదు.

ఇప్పుడు ఈ వరుసలోకి క్రీము కూడా వచ్చి చేరింది. పుట్టినరోజు కేకు మీద తెల్లగా నురగలాగా పూసి ఉండేది ఇదే. మన వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థినులు కేకు తేవడం ఆనవాయితీ అయ్యింది. మన అక్కల్లో కొందరు ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతూ నాలుగు రూపాయలు సంపాదించుకుంటున్నారు. అయితే క్రీము ఎలా తయారవుతుంది, ఎంతసేపు బాగుంటుంది, చెడిపోతే ఎలా గుర్తుపట్టాలి అనే విషయాలు మన పాఠ్యపుస్తకాల్లో ఒకచోట దొరకవు. కావున మేము తరగతి గదిలోనూ, ల్యాబ్‌లోనూ, వంటింట్లోనూ నేర్చుకున్నది ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నాము.

క్రీము అంటే ఏమిటి?

క్రీము అంటే మన మీగడే. పాలలో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా తేలుతూ ఉంటుంది. దీనిని రసాయనశాస్త్రంలో 'ఎమల్షన్' అంటారు. ప్రతి కొవ్వు బిందువు చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతవరకు బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోవు. కొవ్వు నీటికంటే తేలిక కనుక పచ్చిపాలను కదపకుండా ఉంచితే బిందువులు నెమ్మదిగా పైకి చేరతాయి. అలా పైకి చేరిన భాగమే క్రీము.

ఆవు పాలలో కొవ్వు సుమారు 4 శాతం ఉంటే గేదె పాలలో 6 నుంచి 8 శాతం వరకు ఉంటుంది. అందుకే మన ఊళ్లలో గేదె పాలకు అంత గిరాకీ. ప్యాకెట్ పాలలో 'టోన్డ్' అని ఉంటే 3 శాతం, 'ఫుల్ క్రీమ్' అని ఉంటే 6 శాతం కొవ్వు ఉండాలని మన దేశంలో నిబంధన. పూర్వం క్రీము తీయాలంటే గంటల తరబడి ఆగవలసి వచ్చేది. 1878లో స్వీడన్ దేశానికి చెందిన గుస్తాఫ్ డి లావాల్ పాలను వేగంగా తిప్పి క్రీమును విడదీసే యంత్రాన్ని తయారుచేశాడు. ఈనాడు డెయిరీలన్నీ ఆ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. మనం పాలు కాచి చల్లార్చాక పైన కట్టే మీగడ, డెయిరీ క్రీము పూర్తిగా ఒకటి కావు. కాచిన పాల మీగడలో కొవ్వుతో పాటు వేడికి గట్టిపడిన మాంసకృత్తులు కూడా ఉంటాయి. అందుకే అది తెరలు తెరలుగా, ముద్దగా వస్తుంది. అన్నంలో కలుపుకోవడానికి అమృతమే గాని, నురగలాగా ఉబ్బడానికి పనికిరాదు. దానిని ఎంత గిలకొట్టినా తొందరగా వెన్నలోకి దిగుతుంది.

క్రీము ఎందుకు ఉబ్బుతుంది?

క్రీమును గిలకొట్టడం అంటే దానిలోకి గాలిని పంపడమే. గిలకొట్టేటప్పుడు చిన్న చిన్న గాలి బుడగలు లోపలికి వెళతాయి. అదే సమయంలో దెబ్బలకు కొవ్వు బిందువుల చుట్టూ ఉన్న పొర అక్కడక్కడా చిరుగుతుంది. చిరిగిన చోట బిందువులు ఒకదానికొకటి అంటుకుని గాలి బుడగ చుట్టూ గోడ కడతాయి. ఈ గోడలే నురగను నిలబెడతాయి. ఒక గ్లాసు క్రీము దాదాపు రెండు గ్లాసులు అయ్యేది ఇందువల్లనే. పెరిగింది గాలే తప్ప క్రీము కాదు!

ఈ గోడ నిలవాలంటే రెండు షరతులు. మొదటిది, కొవ్వు తగినంత ఉండాలి. కనీసం 30 శాతం కొవ్వు లేనిదే క్రీము గట్టిగా నిలవదు. 35 శాతం ఉంటే ఇంకా మేలు. రెండవది, క్రీము బాగా చల్లగా ఉండాలి. చల్లదనంలో కొవ్వులో కొంత భాగం గడ్డకట్టి స్ఫటికాలుగా ఉంటుంది. గోడకు ఇటుకలు ఆ స్ఫటికాలే. వెచ్చబడితే కొవ్వు కరిగి నూనె అవుతుంది. నూనెతో ఎవరైనా గోడ కట్టగలరా?

ఇంకా గిలకొడుతూనే ఉంటే ఏమవుతుంది? గోడలు విరిగి, కొవ్వంతా ఒక ముద్దగా చేరి, నీరు విడిపోతుంది. ఆ ముద్దే వెన్న. అంతవరకు నీటిలో కొవ్వు బిందువులు ఉంటే, ఇప్పుడు కొవ్వులో నీటి బిందువులు ఉంటాయి. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వే.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. పీజీలో ఈ పాఠం వచ్చినప్పుడు తరగతిలో కొంతమందికి కష్టంగా అనిపించింది. మాకు మాత్రం కవ్వం తాడు లాగే అమ్మ చేతులు గుర్తుకు వచ్చాయి. ఎండాకాలంలో తెల్లవారకముందే చిలకాలని, వెన్న పడే వేళకు కుండ చల్లటి నీళ్లు చిలకరించాలని, చలికాలమైతే గోరువెచ్చని నీళ్లు పోయాలని అమ్మలకు ఎవరు చెప్పారు? కొవ్వు మరీ కరిగినా వెన్న చేరదు, మరీ బిగిసినా చేరదు అన్న సూత్రాన్ని వాళ్లు అక్షరం ముక్క రాకుండానే చేతుల్లో పెట్టుకున్నారు. మన చదువు ఆ చేతిపనికి పేరు పెట్టింది.

ఏ క్రీము కొనాలి?

బజారులో మూడు రకాలు కనిపిస్తాయి.

1. 'ఫ్రెష్ క్రీమ్' అని చిన్న అట్టపెట్టెల్లో వచ్చేది. ఇందులో సాధారణంగా 25 శాతం కొవ్వు ఉంటుంది. కూరల్లోకి, పండ్ల ముక్కల్లోకి బాగుంటుంది. ఎంత చల్లబరిచినా కేకు మీద నిలిచేంత గట్టిగా రాదు.

2. 'విప్పింగ్ క్రీమ్' అని రాసి ఉన్న పాల క్రీము. కొవ్వు 30 శాతం లేదా అంతకుమించి ఉంటుంది. గిలకొట్టడానికి ఇదే సరైనది. రుచి కూడా దీనిదే.

3. 'నాన్ డెయిరీ' అని రాసి ఉండేది. ఇందులో పాల కొవ్వు ఉండదు. పామ్ గింజల నూనె వంటి వృక్ష సంబంధమైన కొవ్వుతో చేస్తారు. పంచదార ముందే కలిపి ఉంటుంది. చాలా బేకరీ కేకుల మీద ఉండేది ఇదే. వేడికి కొంత ఎక్కువ తట్టుకుంటుంది, చవక కూడా. ఇలాంటి కొవ్వుల్లో గుండెకు హాని చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతానికి మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. దీనిని గడ్డకట్టించి అమ్ముతారు. ఫ్రిజ్ కింది అరలో నెమ్మదిగా కరగనిచ్చి వాడుకోవాలి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

ఏది కొన్నా ప్యాకెట్ వెనకవైపు చదవడం అలవాటు చేసుకోండి. కొవ్వు శాతం, పదార్థాల జాబితా, తయారీ తేదీ, వాడవలసిన గడువు అక్కడే ఉంటాయి. బస్సు మీద బోర్డు చదవకుండా ఎక్కం కదా, ఇదీ అంతే.

ఇంట్లో చేసే పద్ధతి

కావలసినవి: విప్పింగ్ క్రీము 200 మి.లీ., మెత్తగా పొడిచేసిన పంచదార 2 పెద్ద చెంచాలు, ఐసు ముక్కలు, లోతైన స్టీలు గిన్నె ఒకటి, దానికంటే పెద్ద గిన్నె ఒకటి, తీగల గిలక్కొట్టే గరిటె. కరెంటు బీటరు లేకపోయినా ఫరవాలేదు. మజ్జిగ చిలికే చిన్న కవ్వంతో కూడా చేయవచ్చు. చేతికి కాస్త పని ఎక్కువ, అంతే.

1. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేలికి పుండు గాని, తెగిన గాయం గాని ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోకూడదు. దీనికి కారణం ముందు చెబుతాము.

2. స్టీలు గిన్నెను, గరిటెను వేడినీళ్లతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, అరగంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. క్రీము కూడా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

3. పెద్ద గిన్నెలో ఐసు ముక్కలు, కొద్దిగా నీళ్లు పోసి, దానిలో స్టీలు గిన్నె కూర్చోబెట్టాలి. ఐసు నీళ్లు లోపలి గిన్నెలోకి పోకుండా చూసుకోవాలి.

4. క్రీము పోసి మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా గిలకొట్టాలి. కాస్త చిక్కబడ్డాక పంచదార పొడి కొద్దికొద్దిగా వేయాలి.

5. గరిటె ఎత్తి చూడాలి. కొన లేచి వంగిపోతే మెత్తని దశ. పండ్ల ముక్కల మీదకు ఇది చాలు. కొన నిటారుగా నిలబడితే గట్టి దశ. కేకు మీదకు ఇది కావాలి. ఇక్కడ ఆపేయాలి.

6. నునుపు పోయి రవ్వ రవ్వగా, పసుపు రంగుకు తిరుగుతూ కనిపిస్తే హద్దు దాటుతోందన్నమాట. అప్పుడే మొదలైతే రెండు చెంచాల చల్లని పచ్చి క్రీము పోసి నెమ్మదిగా కలిపితే సర్దుకుంటుంది. నీరు విడిపోయిందంటే ఇక వెనక్కి రాదు. దిగులు పడకుండా ఇంకా చిలికి తీపి వెన్న చేసుకుని రొట్టె మీద రాసుకోవచ్చు. అది చెడిపోవడం కాదు, వేరొక పదార్థంగా మారడం.

గిలకొట్టిన క్రీమును మూతపెట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఆ రోజే వాడుకోవడం ఉత్తమం. కొన్ని గంటల తరువాత అడుగున కాస్త నీరు ఊరవచ్చు. ఫ్రిజ్‌లోనే ఉన్నదైతే ఆ నీరు చూసి భయపడనక్కరలేదు. నురగ దిగుతోందని మాత్రమే దానికి అర్థం.

చెడిపోవడం అంటే ఏమిటి?

క్రీములో నీరు, చక్కెర, మాంసకృత్తులు, కొవ్వు అన్నీ ఉన్నాయి. మనకు బలమైన ఆహారం సూక్ష్మజీవులకూ బలమైన ఆహారమే. అవి క్రీమును మూడు విధాలుగా చెడగొడతాయి.

మొదటిది పులియడం. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఈ పని సూక్ష్మజీవులదేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857లో తెలియజేశాడు. తాజా పాల పీహెచ్ విలువ సుమారు 6.7. అది 4.6 దగ్గరకు దిగేసరికి పాలు గడ్డకడతాయి. మనం పెరుగు తోడుపెట్టినప్పుడు జరిగేది ఇదే. తేడా ఏమిటంటే, తోడు మనం ఎరిగిన బాక్టీరియా. దానంతట అది పులిసిన ప్యాకెట్ క్రీములో ఎవరెవరు చేరారో మనకు తెలియదు.

రెండవది కనరు వాసన, చేదు. కొన్ని సూక్ష్మజీవులు కొవ్వును విరిచి ఘాటైన ఆమ్లాలను విడుదల చేస్తాయి. మాంసకృత్తులను విరిస్తే చేదు వస్తుంది. వీటిలో కొన్ని ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే ఫ్రిజ్ అంటే కాలాన్ని ఆపే పెట్టె అనుకోకూడదు. అది కాలాన్ని నెమ్మదిగా నడిపిస్తుంది, అంతవరకే.

మూడవది బూజు. ఆకుపచ్చ, నలుపు, గులాబీ, నారింజ రంగు మచ్చలు కనిపిస్తాయి. పైన చిన్న మచ్చే కదా అని చెంచాతో తీసేసి మిగతాది తినకూడదు. మెత్తని పదార్థంలో బూజు పోగులు కంటికి కనిపించకుండా లోపలికి దిగి ఉంటాయి.

పరీక్షించే వరుస

క్రీము బాగుందో లేదో చూడడానికి చాలామంది ముందు నాలుక మీద వేసుకుంటారు. నిజానికి నాలుక చివర రావాలి. వరుస ఇది:

1. తేదీ చూడండి. ప్యాకెట్ మీద రాసిన గడువు మూత తీయనంతవరకే. మూత తీశాక ఎన్ని రోజుల్లో వాడాలో కూడా రాసి ఉంటుంది. మూత తీసిన రోజు తేదీని పెన్నుతో ప్యాకెట్ మీద వేసుకోండి.

2. ప్యాకెట్ చూడండి. ఉబ్బి ఉంటే లోపల సూక్ష్మజీవులు వాయువు తయారుచేశాయని అర్థం. తెరవకుండానే పారేయాలి. కారుతున్నదీ తీసుకోకూడదు.

3. కంటితో చూడండి. పైన చిక్కటి పొర కట్టి కింద పలుచగా ఉంటే అది కొవ్వు పైకి చేరడం మాత్రమే. కలిపితే కలిసిపోతుంది. కలిపినా కలవని గడ్డలు, జిగటగా సాగే తీగలు, రంగు మచ్చలు ఉంటే చెడిపోయినట్లే.

4. వాసన చూడండి. మంచి క్రీముకు తేలికైన పాల వాసన తప్ప వేరే వాసన ఉండదు. పుల్లటి వాసన, కనరు వాసన, పాచి వాసన ఏది వచ్చినా వద్దు.

5. మరిగించి చూడండి. చెంచాడు క్రీమును చిన్న గిన్నెలో వేడి చేస్తే విరిగిపోయిందనుకోండి, పులుపు మొదలైందని అర్థం. డెయిరీలో పాలు తీసుకునేటప్పుడు చేసే మరిగింపు పరీక్ష కూడా ఇదే సూత్రం.

6. ఇవన్నీ దాటాకే, కావాలంటే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి.

మేము ల్యాబ్‌లో మిథిలీన్ బ్లూ పరీక్ష చేశాము. 10 మి.లీ. పాలలో 1 మి.లీ. నీలిరంగు ద్రావణం కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచుతారు. పాలలో బాక్టీరియా ఎంత ఎక్కువ ఉంటే ఆక్సిజన్ అంత త్వరగా అయిపోయి నీలిరంగు అంత త్వరగా పోతుంది. అయిదు గంటలు దాటినా నీలం నిలిస్తే చాలా మంచి పాలు. అరగంటలోపే తెల్లబడితే చాలా చెడ్డ పాలు. గమ్మత్తు ఏమిటంటే, పరీక్ష మొదలుపెట్టినప్పుడు రెండు గొట్టాల్లోని పాలూ చూపుకు ఒకేలా ఉంటాయి. లోపల ఏముందో కాలం గడిచాకే తెలుస్తుంది.

ముక్కుకు అందని చెడు

ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదే. పైన చెప్పిన ఆరు పరీక్షలూ పదార్థం పాడైన సంగతిని చెబుతాయి. అది మనిషికి ప్రమాదమా కాదా అన్నది అన్నిసార్లూ చెప్పలేవు. పులిసిన పెరుగు ముక్కు పగిలేలా వాసన వేసినా మనిషిని ఆసుపత్రిపాలు చేయదు. కమ్మటి వాసన వేసే కేకు క్రీము చేయవచ్చు.

'స్టెఫైలోకాకస్ ఆరియస్' అనే బాక్టీరియా చాలామంది ముక్కులోనూ, చర్మం మీదా, చీము పట్టిన పుండ్లలోనూ ఉంటుంది. వంటచేసే చేతి నుంచి క్రీములోకి దిగుతుంది. వెచ్చదనం దొరికితే అక్కడ పెరుగుతూ ఒక విషపదార్థాన్ని తయారుచేస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు. క్రీము పులియదు, విరగదు. తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల లోపు వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. పైగా ఈ విషం మరిగించినా పోదు. బాక్టీరియా చస్తుంది గాని అది వదిలిన విషం నిలిచే ఉంటుంది. కావున 'మళ్లీ వేడి చేశాం కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు. పుండు ఉన్న చేతితో క్రీము ముట్టవద్దని ముందు చెప్పింది ఇందుకే.

దీనికి ముక్కు కాపలా సరిపోదు. గడియారం కాపలా కావాలి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య వేడిని ఆహారానికి ప్రమాదకర మండలం అంటారు. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని బాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు అవుతాయి. ఒక్కటి ఉంటే గంటకు 8, రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096, ఏడు గంటలకు 20 లక్షలు దాటుతాయి. పదవ తరగతి గుణశ్రేఢి పాఠం గుర్తుకు తెచ్చుకోండి. లెక్కల పుస్తకంలో చూసిన శ్రేఢి ఇప్పుడు పళ్లెంలో కనిపిస్తుంది.

అందుకే ఆహార భద్రత నిపుణులు ఒక నియమం చెబుతారు. క్రీము వంటి పదార్థాలు ఫ్రిజ్ బయట మొత్తం మీద రెండు గంటలకు మించి ఉండకూడదు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన ప్రాంతంలో ఏడాదిలో ఎన్ని నెలలు 32 డిగ్రీలు దాటుతుందో వేరే చెప్పాలా? మనకు వర్తించేది గంట నియమమే అనుకోవడం క్షేమం.

పారెయ్యాలా, దాచుకోవాలా?

ఇక మన మనసుకు కష్టమైన ప్రశ్న. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగినవాళ్లం. మెతుకు కిందపడితే కళ్లకు అద్దుకున్నవాళ్లం. ఒక పూట పస్తులున్న ఇంట్లో 'ఇది పారెయ్యండి' అనడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆ విలువను వదులుకోమని మేము చెప్పడం లేదు. ఏది కాపాడవచ్చో, ఏది కాపాడకూడదో విడదీసి తెలుసుకోమంటున్నాము.

కాపాడదగినవి: ఇంట్లో కాచిన పాల మీద తీసి, తోడు వేసి, ఫ్రిజ్‌లో కూడబెట్టిన మీగడ పులిస్తే నష్టం లేదు. మచ్చలు, చేదు లేకుంటే చిలికి వెన్న తీసి నెయ్యి కాచుకోవచ్చు. ఎక్కువ గిలకొట్టి వెన్నగా మారిన తాజా క్రీము కూడా నిక్షేపంలా పనికివస్తుంది. గడువు దగ్గరపడినా బాగున్న క్రీమును ఆ రోజే కూరలో వాడేయవచ్చు.

కాపాడకూడనివి: గంటకు మించి ఎండవేడిలో బయట ఉన్న కేకు క్రీము, ఉబ్బిన ప్యాకెట్, బూజు మచ్చలు ఉన్నది, జిగట సాగేది, చేదెక్కినది, దానంతట అది పులిసిన ప్యాకెట్ క్రీము. ఇవి చెత్తకుండీలోకే వెళ్లాలి. పంచదార ఎక్కువ వేసినా, ఎసెన్సు కలిపినా వాసన దాగుతుందే గాని ప్రమాదం తగ్గదు.

పారేయడం బాధగా ఉంటే దానికి మందు ముందే ఉంది. కావలసినంతే కొనడం, చిన్న ప్యాకెట్ కొనడం, కొన్న రోజే వాడడం. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు తినే గంట ముందే చేసుకోవాలి. ఇంకో మాట. పనిచేసే ఇంటివాళ్లో, తెలిసినవాళ్లో 'నిన్నటిది, పిల్లలకు పెట్టుకోండి' అని మిగిలిన కేకు ఇస్తుంటారు. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే కావచ్చు. అయినా ఎంతసేపు బయట ఉంది అని అడగడం తప్పు కాదు. పేదవాళ్ల కడుపుకు విడిగా ఒక సైన్సు లేదు. ఆ విషం ఎవరినైనా ఒకేలా బాధపెడుతుంది.

హాస్టల్లో ఏం చేయాలి?

మన వార్షికోత్సవం సంగతే తీసుకుందాం. కేకు మధ్యాహ్నమే వస్తుంది. వేదిక మీద లైట్ల కింద పెడతారు. ముఖ్య అతిథి గారు ఆలస్యంగా వస్తారు. తరువాత స్వాగతోపన్యాసం, నివేదిక, ప్రసంగాలు, సన్మానాలు. కేకు కోసేసరికి రాత్రి అవుతుంది. అప్పుడు చిన్న తరగతుల పిల్లలకు ముందుగా పెడతాం. పెద్దలు ఎవరూ మరోలా అనుకోకపోతే మా విన్నపాలు ఇవి:

1. కేకు కోసే కార్యక్రమం ప్రసంగాలకు ముందు పెట్టాలి. పెద్దల మాటలు ఎంతసేపైనా చెడిపోవు, క్రీము చెడిపోతుంది!

2. కేకును కోయడానికి అరగంట ముందే దుకాణం ఫ్రిజ్ నుంచి తేవాలి. తెచ్చిన సమయాన్ని పెట్టె మీద రాయాలి.

3. అంతసేపు ఆగక తప్పదంటే క్రీము లేని కేకు తేవాలి. రుచికి లోటు రాదు.

4. మిగిలిన ముక్కలు మరుసటి రోజుకు ట్రంకు పెట్టెల్లో దాచుకోకూడదు. చెల్లెళ్లారా, ఈ మాట మీకే!

5. వంట అక్కకో, కామాటికో చేతికి దెబ్బ తగిలితే ఆ రోజు వేరే పని ఇవ్వాలి. వాళ్ల జీతానికి కోత పడకూడదు. కోత పడితే దెబ్బను దాచుకుంటారు.

6. మెస్ కమిటీలో ఉన్న పిల్లలు పాలు, పెరుగు వచ్చిన వేళను రిజిస్టరులో రాయాలి. వాసన తేడాగా ఉంటే వార్డెన్ మేడంతో చెప్పాలి. చెప్పిన పిల్లను 'పెట్టింది తినకుండా వంకలు పెడుతున్నావా' అని ఎవరూ అనకూడదు. ఆ ఒక్క మాట వంద నోళ్లు మూయిస్తుంది.

ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. ఒకరికంటే ఎక్కువమందికి వచ్చినా, రక్తం పడినా, జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా, మనిషి తూలిపోతున్నా 108కి ఫోను చేయాలి. తిన్న పదార్థం కొంచెం మూతపెట్టి విడిగా ఉంచితే కారణం కనుక్కోవడానికి డాక్టర్లకు పనికివస్తుంది.

ముగింపు

చదువు అంటే పరీక్షలో మార్కులే కాదని మన వార్డెన్లు, ఉపాధ్యాయులు ఎప్పుడూ చెబుతుంటారు. పీహెచ్, ఎమల్షన్, గుణశ్రేఢి అని మనం బట్టీ పట్టిన మాటలన్నీ ఒక్క గిన్నె క్రీములో కనిపిస్తాయి. అమ్మ ముక్కుతో చూసి చెప్పింది చాలావరకు సరైనదే. దానికి మనం గడియారాన్ని, చల్లదనాన్ని, కడిగిన చేతులను జోడించాలి. అప్పుడే ఆ జ్ఞానం పూర్తవుతుంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ విషయాలు అమ్మకు, అమ్మమ్మకు చదివి వినిపించండి. వాళ్లు చిలికే పద్ధతి అడిగి మీ నోటుబుక్కులో రాసుకోండి. ఇంట్లో కేకుల వ్యాపారం చేస్తున్న అక్కలు ప్రతి పెట్టె మీద తయారుచేసిన వేళ రాసి ఇవ్వండి. మీ మీద నమ్మకం పెరుగుతుంది, గిరాకీ కూడా పెరుగుతుంది.

ఈ వార్షికోత్సవం నాడు కేకు ముక్క అందుకునే ప్రతి చెల్లీ 'ఇది ఎప్పుడు తెచ్చారక్కా?' అని ధైర్యంగా అడగాలని, అడిగినవారికి నవ్వుతూ సమాధానం చెప్పే అక్కలుగా మనం ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.